ఉన్నది ఒక్క రోజే: ఈపర్, సోమ్, నార్మండీ, న్యూవ్ షపెల్‌లలో ఏ టూర్ ఎంచుకోవాలి?

పారిస్‌కో బ్రస్సెల్స్‌కో వెళ్లినవాళ్లు ఒక రోజు తీసి పక్కన పెట్టి ప్రపంచ యుద్ధాల రణక్షేత్రాలు చూడాలనుకుంటే టూర్లకు కొదవలేదు. చిక్కల్లా ఎంచుకోవడంలోనే. అన్ని ప్రకటనల్లోనూ అవే ఫొటోలు: తెల్లటి సమాధి రాళ్ల వరసలు, ఎర్ర పాపీ పూలు, చెయ్యెత్తి ఏదో చూపిస్తున్న గైడు. లోపలి సంగతి మాత్రం వేరు. ఒక టూర్ 1914–18 నాటిది, ఇంకోటి 1944 నాటిది. ఒకటి రైలు దిగిన ఊళ్లోనే మొదలవుతుంది, ఇంకోదానికి బస్సులోనే ఆరేడు గంటలు కరిగిపోతాయి. ఒకచోట భారత సైనికుల పేర్లు గోడ మీద చదవొచ్చు, ఇంకోచోట వాళ్ల ఊసే రాదు.

నా లెక్క ముందే చెప్పేస్తాను. మీ బస ఎక్కడ అన్నది మొదట చూడండి, ఎవరి కోసం వెళ్తున్నారన్నది ఆ తర్వాత. స్టాపులు ఎన్ని అన్నది చూడనే వద్దు. "ఒక్క రోజులో పన్నెండు ప్రదేశాలు" అని గొప్పగా రాసుకున్న టూర్‌లో మీరు ఎక్కువసేపు చూసేది బస్సు తలుపునే.

పారిస్ నుంచి నార్మండీ

అందరికీ తెలిసిన పేరు ఇదే కాబట్టి ముందు దీని సంగతి తేల్చేద్దాం. 1944 జూన్ 6న మిత్రదేశాల సేనలు దిగిన తీరం ఇది. ఒమాహా బీచ్, దాని పైన కొలవీల్ సుర్ మేర్‌లో 9,380కి పైగా సమాధులున్న అమెరికన్ శ్మశానవాటిక, అమెరికా రేంజర్ దళం సైనికులు తాళ్లు పట్టుకుని ఎగబాకిన పాంట్ దు ఓక్ కొండ అంచు, ఆరోమాన్ష్ దగ్గర కెరటాల్లో ఇంకా తేలి కనిపించే కృత్రిమ రేవు కాంక్రీటు దిమ్మెలు. చూడదగ్గవే, అనుమానం లేదు. కానీ పారిస్ నుంచి రోడ్డు మీద ఒకవైపే మూడు గంటల పైమాట. తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే బస్సు టూర్‌లో తీరం మీద మీకు మిగిలేది నాలుగైదు గంటలు. ఆ తీరం పొడవేమో 80 కిలోమీటర్లు.

అందుకే పారిస్ నుంచి డే టూర్‌గా నార్మండీ వద్దంటాను. వెళ్లి తీరాలనుకుంటే ఆ తీరానికి దగ్గర్లోని బాయూ ఊళ్లో ఒక రాత్రి ఉండండి. పొద్దున్నే అక్కడినుంచి బయల్దేరే మినీబస్సు టూర్ పట్టుకోండి. అంతే తేడా, కానీ రోజు రెట్టింపవుతుంది. రాత్రి బస కుదరకపోతే రైల్లో బాయూ దాకా వెళ్లి స్టేషన్ దగ్గర గైడును కలుసుకోవడం రెండో మార్గం. రైలు రెండు గంటల పైచిలుకు పడుతుంది, కనీసం ట్రాఫిక్‌లో ఇరుక్కోరు.

ఈ వ్యాసంలో మిగతా అంతా మొదటి ప్రపంచ యుద్ధం పశ్చిమ రంగం గురించే. ఒక్క రోజుకు సరిపోయేది అదే. ఊళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, పొలం దాటితే ఇంకో యుద్ధం తగులుతుంది.

ఈపర్: మొదటిసారి వెళ్లేవాళ్లకు

బెల్జియంలో చిన్న ఊరు. ఫ్రాన్స్ వైపు రోడ్డు బోర్డుల మీద 'ఈప్ర్' అని ఉంటుంది. బ్రూజ్ నుంచి రోడ్డు మీద గంట, ఫ్రాన్స్‌లోని లిల్ నుంచి అంతకన్నా తక్కువ. బ్రస్సెల్స్ నుంచి రైలు రెండు గంటల లోపే. నాలుగేళ్లు మూడు వైపుల నుంచి ఫిరంగులు కొడితే ఊరు నేలమట్టమైంది. ఇప్పుడు కనిపించే మధ్యయుగపు భవనాలన్నీ యుద్ధం తర్వాత పాత నమూనా ప్రకారం మళ్లీ కట్టినవే. ఊరి నడిబొడ్డున ఉన్న బట్టల వర్తకుల మహా భవనం పునర్నిర్మాణం 1967 దాకా సాగింది. దాంట్లోనే ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్ మ్యూజియం ఉంది.

ఈపర్‌కు మొదటి ఓటు వేయడానికి నా కారణం, ఇక్కడ చూడాల్సినవి ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండటం. టైన్ కాట్ శ్మశానవాటికకు వెళ్తే దాదాపు 12,000 సమాధులు, వాటిలో 8,300కు పైగా రాళ్ల మీద పేరే లేదు. వెనక గోడ మీద ఇంకో 35,000 పేర్లు, ఇవి శవం దొరకనివాళ్లవి. మధ్యలో నిలబెట్టిన శిలువ కింద ఉన్నది ఒక జర్మన్ పిల్‌బాక్స్, అంటే లోపలినుంచి తుపాకులు పేల్చే కాంక్రీటు గది. కాంక్రీటు ఇప్పటికీ కనిపిస్తుంది. అక్కడినుంచి కొద్ది దూరంలోనే లాంగెమార్క్ జర్మన్ శ్మశానవాటిక. తెల్లరాళ్లు లేవు, పూలు తక్కువ, ఓక్ చెట్ల నీడలో నేలకు అంటుకుపోయిన రాతి పలకలు. 44,000 మందికి పైగా అక్కడ ఉన్నారు, అందులో సుమారు 25,000 మంది ఒకే గోతిలో. గెలిచినవాళ్ల దుఃఖానికీ ఓడినవాళ్ల దుఃఖానికీ కేటాయించిన స్థలం ఎంత తేడాగా ఉంటుందో చూపించడానికి గైడు నోరు విప్పక్కర్లేదు. లాంగెమార్క్‌ను వదిలేసే టూర్లు కొన్ని ఉన్నాయి. ఆ జాబితా చూడగానే నేను పక్కన పెట్టేస్తాను.

ఎసెక్స్ ఫామ్ దగ్గర గాయపడినవాళ్లకు కట్లు కట్టిన కాంక్రీటు గదులున్నాయి. కెనడా సైనిక వైద్యుడు జాన్ మెక్రే 1915 మేలో పాపీ పూల కవిత రాసింది ఆ చుట్టుపక్కలే. హిల్ 60 దగ్గర నేల మామూలుగా ఉండదు, గుంతలు గుంతలుగా ఉంటుంది; కింద సొరంగాలు తవ్వి మందుపాతరలు పేల్చిన చోటు. 1917 జూన్ 7న మెసీన్ గుట్టల కింద ఒకేసారి 19 పేలాయి. పేలకుండా మిగిలినవాటిలో ఒకటి 1955లో పిడుగు పడి పేలింది. ఈ సంగతి విన్నాక పొలాల్లో తుప్పు పట్టిన ఇనుము కనబడితే ముట్టుకోవద్దని గైడు ఎందుకు అన్నిసార్లు చెబుతున్నాడో అర్థమవుతుంది. రైతులు దున్నినప్పుడల్లా గుండ్లు ఇప్పటికీ బయటపడుతుంటాయి.

ఇక మెనిన్ గేట్. 1927 జూలైలో ప్రారంభమైన ఈ స్మారక ద్వారం మీద శవం దొరకని సైనికుల పేర్లు 54,000కు పైగా ఉన్నాయి. అందులో 400కు పైగా భారత సైనికులవి. 1928 నుంచి ప్రతి రాత్రి 8 గంటలకు దాని కింద బ్యూగిల్ మీద, చనిపోయిన సైనికులకు వీడ్కోలుగా వాయించే లాస్ట్ పోస్ట్ బాణీ వాయిస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఆక్రమణ కాలంలో మాత్రమే ఆగింది. ఊరికి విముక్తి వచ్చిన 1944 సెప్టెంబరు సాయంత్రమే మళ్లీ మొదలైంది. అక్కడ చప్పట్లు కొట్టరు.

టూర్ల మధ్య అసలు తేడా బయటపడేది ఇక్కడే. బ్రస్సెల్స్‌కూ బ్రూజ్‌కూ తిరిగి వెళ్లే కొన్ని టూర్లు సాయంత్రం ఐదారుకల్లా ఈపర్ వదిలేస్తాయి. "మెనిన్ గేట్ సందర్శన" అని కార్యక్రమంలో ఉంటుంది, అబద్ధమేమీ కాదు, కానీ మీరు చూసేది పట్టపగలు కార్లు పోతున్న ద్వారాన్ని. లాస్ట్ పోస్ట్ దాకా ఉంటారా అని రాతపూర్వకంగా అడగండి. ఉండరంటే ఉదయపు సగం రోజు టూర్ ఒకటి ఈపర్ నుంచే తీసుకుని, మధ్యాహ్నం మ్యూజియం చూసి, రాత్రికి మీ దారిన మీరు వెళ్లడం మేలు. రైళ్ల ఆఖరి వేళలు ముందే చూసుకోవాలి మరి. వేసవిలో ఏడున్నరకే జనం నిండిపోతారు.

ద్వారం పక్కనే పాత కోటగోడ దిబ్బ మీద భారత సేనలకు ప్రత్యేక స్మారకం ఉంది. సాధారణ టూర్లలో దీన్ని చూపించరు, నడిచి రెండు నిమిషాల దూరమైనా. 1914 అక్టోబరు 31న హోలెబెక దగ్గర మెషిన్ గన్ వదలకుండా పోరాడిన ఖుదాదాద్ ఖాన్‌కు బ్రిటిష్ సైన్యపు అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది ఈ రంగంలోనే. బ్రిటిష్ ఇండియా సైన్యంలో భారతీయ సైనికుడికి అదే మొదటిది. 1915 ఏప్రిల్ 22న జర్మన్లు క్లోరిన్ వాయువు వదిలాక, నాలుగు రోజులకు లాహోర్ డివిజన్ ఎదురుదాడికి దిగింది కూడా ఈ ఊరి ఉత్తరాన ఉన్న పొలాల్లోనే.

సోమ్: నేలను చదవాలనుకునేవాళ్లకు

ఈపర్‌లో ఊరుంది, మ్యూజియం ఉంది, రాత్రి వేడుక ఉంది. ఉత్తర ఫ్రాన్స్‌లోని సోమ్‌లో ఉన్నది నేల. పారిస్ గార్ దు నార్ నుంచి ఆమియెన్‌కు రైలు సుమారు గంటంబావు. అక్కడ గైడు కారుతో కలుసుకుంటే పది గంటలకల్లా యుద్ధరంగంలో ఉంటారు. పారిస్‌లో బస చేసినవాళ్లకు నా సలహా ఇదే, నార్మండీ కాదు.

1916 జూలై 1 ఉదయం ఏడున్నరకు బ్రిటిష్ సేనలు కందకాల్లోంచి లేచి నడిచాయి. ఆ ఒక్క రోజులో 57,470 మంది చనిపోవడమో గాయపడటమో దొరక్కుండాపోవడమో జరిగింది. మరణించినవాళ్లే 19,240 మంది. నవంబరు దాకా సాగిన యుద్ధంలో ముందుకు జరిగిన దూరం సుమారు 10 కిలోమీటర్లు. ఈ అంకెలు పుస్తకంలో చదివితే తలకెక్కవు. లా బ్వాసెల్ దగ్గర లాక్‌నగర్ గోతి అంచున నిలబడితే ఎక్కుతాయి. దాడికి రెండు నిమిషాల ముందు, 7:28కి పేల్చిన మందుపాతర చేసిన గొయ్యి అది, దాదాపు 100 మీటర్ల వెడల్పు.

బోమాన్ అమెల్‌లోని న్యూఫౌండ్‌లాండ్ పార్కు ఇంకా గొప్ప పాఠం. కందకాలను పూడ్చకుండా అలాగే ఉంచారు, గడ్డి మొలిచి మెత్తబడ్డాయి. పైనుంచి చూస్తే ఇరువైపుల కందకాలూ, మధ్య వాలూ ఒకే చూపులో అందుతాయి. న్యూఫౌండ్‌లాండ్ దళం సైనికులు సుమారు 800 మంది ఆ వాలు దిగారు. మర్నాడు హాజరు పిలిస్తే పలికింది 68 మంది. మంచి గైడు ఇక్కడ అరగంటైనా తీసుకుంటాడు: మెషిన్ గన్ ఎక్కడుంది, ముళ్లకంచెలో సందు ఎక్కడ, ఆ సందు దగ్గరే ఎందుకు కుప్పలుగా పడ్డారు. నాసిరకం గైడు జింక బొమ్మ ముందు ఫొటో తీయించి బస్సెక్కిస్తాడు. అసలది జింక కూడా కాదు, ఆ దళం గుర్తైన కారిబూ, ఉత్తర అమెరికా మంచు ప్రాంతపు దుప్పి.

తీప్‌వాల్ స్మారకం లుట్యెన్స్ కట్టిన ఇటుక మహాద్వారం. న్యూఢిల్లీ కట్టినాయనే. 1932లో ప్రారంభమైంది, 72,000కు పైగా పేర్లున్నాయి. ఎవరిదైనా శరీరం దొరికి, ఎవరో తేలి, సమాధి కడితే ఆ పేరును గోడ మీదనుంచి తీసేస్తారు. అందుకే అక్కడక్కడ ఖాళీలు కనిపిస్తాయి.

తెలుగువాళ్లు ప్రత్యేకంగా అడగాల్సిన చోటు ఒకటుంది: హై వుడ్. 1916 జూలై 14 సాయంత్రం బల్లేలు పట్టుకుని గుర్రాల మీద ఇక్కడ దాడికి దిగినవాళ్లలో 20వ డెక్కన్ హార్స్ దళం ఉంది. నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్ నుంచి పుట్టిన రెజిమెంట్ అది, ఇప్పటి భారత సైన్యంలో ట్యాంకుల దళంగా కొనసాగుతోంది. ఆ అడవి ప్రైవేటు ఆస్తి, లోపలికి వెళ్లనివ్వరు. రోడ్డు మీదనుంచి పొలాలను చూసి, గుర్రాలు ఏ వైపు నుంచి వచ్చాయో గైడు చేత చెప్పించుకోవాలి. రెండు నెలల తర్వాత, సెప్టెంబరు 15న, ప్రపంచంలో మొదటిసారి ట్యాంకులు యుద్ధంలోకి దిగింది ఆ పక్కనే ఫ్లేర్ వైపు. గుర్రపు దాడీ ట్యాంకు దాడీ ఒకే పొలాల్లో, ఒకే వేసవిలో! టైం ఉంటే పెరోన్ ఊరి చివర లా షపెలెత్‌లో బ్రిటిష్, భారత సైనికుల శ్మశానవాటిక కూడా ఉంది.

సోమ్‌కు లోపాలూ ఉన్నాయి. సొంత కారు గానీ గైడు గానీ లేకుండా ఇక్కడ ఏమీ అందదు. ఆల్బేర్‌లో రైలు దిగితే తీప్‌వాల్ ఏడెనిమిది కిలోమీటర్లు. పల్లెల్లో మధ్యాహ్నం తినడానికి తెరిచి ఉన్న చోటు దొరక్కపోవచ్చు, ఏదైనా వెంట పెట్టుకోండి. చిన్నపిల్లలకు ఇదంతా ఉత్త పొలమే. పిల్లలతో వెళ్తే ఈపర్ మ్యూజియమే నయం, లేదా ఆరాస్‌లో వెల్లింగ్టన్ సొరంగాలు. భూమికి 20 మీటర్ల కింద సైనికులు దాక్కున్న సున్నపురాతి గుహలు అవి. లిఫ్టులో దింపుతారు, లోపల చలి.

న్యూవ్ షపెల్: అడిగితే తప్ప ఎవరూ తీసుకెళ్లరు

1914 సెప్టెంబరు చివర మార్సేయ్ రేవులో దిగిన భారత సేనలు ఎక్కువ కాలం కాపలా కాసింది ఉత్తర ఫ్రాన్స్‌లోని ఈ చదును నేలనే. 1915 మార్చి 10 నుంచి 13 దాకా జరిగిన న్యూవ్ షపెల్ యుద్ధంలో మీరట్, లాహోర్ డివిజన్లు ముందువరసలో ఉన్నాయి. 35 నిమిషాల ఫిరంగి మోత తర్వాత ఊరు చేతికొచ్చింది గానీ దాడి అక్కడే చతికిలబడింది. భారత దళాల నష్టం, చనిపోయినవాళ్లూ గాయపడినవాళ్లూ కలిపి, సుమారు 4,200. గఢ్వాల్ రైఫిల్స్‌కు చెందిన గబ్బర్ సింగ్ నేగీ మొదటి రోజే చనిపోయాడు, విక్టోరియా క్రాస్ ఆ తర్వాత వచ్చింది.

ఊరి బయట నాలుగు రోడ్ల కూడలిలో ఉన్న స్మారకం 1927 అక్టోబరులో తెరిచారు. హెర్బర్ట్ బేకర్ నిర్మాణం. గుండ్రటి ప్రాకారం, సగం గోడ, సగం సాంచీ స్తూపం కంచెను తలపించే రాతి జాలీ. మధ్యలో తామర శిఖరంతో దాదాపు 15 మీటర్ల స్తంభం, అటూ ఇటూ రెండు పులులు. గోడ మీద 4,700కు పైగా పేర్లు. హిందువులనూ సిక్కులనూ దహనం చేశారు కాబట్టి చాలామందికి సమాధి లేదు, ఉన్నది ఈ పేరు ఒక్కటే. ఈ ప్రాంతపు శ్మశానవాటికల్లో అక్కడక్కడ హిందువుల రాళ్లు కనిపిస్తే వాటి మీద నాగరిలో 'ఓం భగవతే నమః' అని చెక్కి ఉంటుంది.

బస్సు టూర్లలో ఇది సాధారణంగా ఉండదు. లిల్ నుంచి కారులో అరగంట, ముప్పావుగంట ప్రయాణం. రైలు దిగి నడిచి వెళ్లే చోటు కాదు. కాబట్టి ప్రైవేటు గైడు గానీ, సొంత డ్రైవింగ్ గానీ తప్పదు. అలా వెళ్తే రోజంతా దీనికే ఇవ్వక్కర్లేదు. నేను సిఫారసు చేసే రోజు ఇలా ఉంటుంది: పొద్దున లిల్‌లో బయల్దేరి న్యూవ్ షపెల్‌లో ఓ గంట, తర్వాత నోత్ర్ దామ్ ద లొరెత్ గుట్ట మీద 2014లో తెరిచిన స్మృతి వలయం. దాని పలకల మీద దాదాపు 5,80,000 పేర్లు దేశం, హోదా చూడకుండా అక్షరక్రమంలో ఉన్నాయి. జర్మన్ పేరు పక్కన పంజాబీ పేరు. ఆ తర్వాత వీమీ గుట్ట. కెనడా స్మారకం జంట స్తంభాలు దూరం నుంచే కనిపిస్తాయి. ప్రవేశం ఉచితం, సొరంగంలోకి కెనడా నుంచి వచ్చిన విద్యార్థి గైడులే తీసుకెళ్తారు. పేలని గుండ్లున్న అడవిలో గడ్డి కోయడానికి మనుషులను పంపరు, గొర్రెలను వదులుతారు. ఓపికుంటే సాయంత్రం ఈపర్ చేరుకుని ఎనిమిదింటికి మెనిన్ గేట్ దగ్గర నిలబడొచ్చు. షెంజెన్ వీసా ఉంటే సరిహద్దు తెలియనే తెలియదు, పాస్‌పోర్టు మాత్రం వెంట ఉంచుకోండి.

బస్సా, మినీబస్సా, ప్రైవేటు గైడా, సొంత కారా

పెద్ద బస్సు చవక. ఒంటరిగా వెళ్లేవాళ్లకు అదే దిక్కు కావచ్చు. కానీ సన్నటి పల్లె దారుల్లోకి అది పోదు, యాభై మంది దిగి ఎక్కేసరికే ప్రతిచోటా పావుగంట హారతి. ఎనిమిది మంది పట్టే మినీబస్సు చాలామందికి సరైన మధ్యేమార్గం. నలుగురైదుగురు కలిసి వెళ్తుంటే ప్రైవేటు గైడు ఖర్చును తలకు పంచి చూడండి, చాలాసార్లు మినీబస్సు ధరకు మరీ దూరంగా ఉండదు, పైగా దారి మీది. పెద్దవాళ్లు వెంట ఉన్నా అదే మేలు.

సొంతంగా కారు నడిపేవాళ్లకు శ్మశానవాటికలన్నీ ఉచితం. అయితే గైడు లేని హిల్ 60 ఒక గుంతల మైదానం, గైడు లేని హై వుడ్ ఒక తోపు. కాబట్టి గోడ మీద ఒక సైనికుడి పేరు చూడటానికి వెళ్తున్నవాళ్లు కారులో వెళ్లండి, యుద్ధం అర్థం చేసుకోవాలనుకునేవాళ్లు గైడుకు డబ్బు పెట్టండి. బెల్జియంలో తిరుగు ప్రయాణంలో లిల్ కోసం బోర్డులు వెతికితే దొరకదు. అక్కడ 'రైసెల్' అని రాస్తారు.

గైడును ఎంచుకునేటప్పుడు గిల్డ్ ఆఫ్ బ్యాటిల్‌ఫీల్డ్ గైడ్స్ బ్యాడ్జ్ ఉందా అని చూడొచ్చు. లేనివాళ్లలోనూ మంచివాళ్లుంటారు. నేను ఎక్కువ నమ్మే పరీక్ష ఇంకోటి: బుక్ చేసేముందు ఒక మెయిల్ పెట్టండి, "భారత సైనికులకు సంబంధించినవి మీ దారిలో ఏం కలపగలరు?" అని. మెనిన్ గేట్ పక్క స్మారకం, హై వుడ్, లా షపెలెత్ లాంటి పేర్లతో జవాబొస్తే తెలిసిన మనిషే. "తప్పకుండా, చాలా ఉన్నాయి" అని ఊరుకుంటే ఇంకొకరిని వెతుక్కోండి. ఫలానా సైనికుడి పేరు చూడాలనుకుంటే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో వెతికి ప్యానెల్ నంబరు రాసుకుని వెళ్లండి. వేల పేర్ల గోడ ముందు నిలబడి వెతకడం మొదలుపెడితే టూర్ అయిపోతుంది.

నెలల విషయానికొస్తే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా బాగుంటుంది. డిసెంబరులో సాయంత్రం ఐదు లోపే చీకటి, మూడో స్టాపుకే వెలుతురు పోతుంది. నవంబరు 11న ఈపర్‌లో, జూలై 1న సోమ్‌లో, ఏప్రిల్ 25న ఆస్ట్రేలియన్ల వీలెర్ బ్రెతొనోలో వేడుకల వల్ల రోడ్లు మూస్తారు, గదులు దొరకవు. వేడుక కోసమే అయితే నెలల ముందే బుక్ చేయండి, స్థలాలు చూడటానికైతే ఆ తేదీలు తప్పించండి. బూట్లు మాత్రం ఏ నెలలోనైనా పాతవే వేసుకోండి. ఫ్లాండర్స్ బంకమట్టి వాన పడితే మడమల దాకా పట్టేస్తుంది, కడిగినా ఓ పట్టాన వదలదు.